మెట్ట సేద్యానికి పండ్లచెట్ల ఎంపిక: వాన, నేల, చెట్టు కాలచక్రాల పొంతన (అనంతపురం ప్రాంతం ఆధారంగా ఒక పరిశీలన)

వ్యాససంగ్రహం:

వర్షాధార ప్రాంతాల్లో పండ్లతోటలు వేయదలచిన రైతులకు 'కరువును తట్టుకునే చెట్లను ఎంచుకోవాలి' అన్న సూచన తరచు అందుతుంది. అయితే ఎండకు చావకుండా బతికే చెట్టూ, ఆ పరిస్థితుల్లోనే కాపునిచ్చే చెట్టూ ఒకటి కావు. ఈ భేదాన్ని గుర్తించకపోతే అయిదారేళ్లు పెంచిన తోట ఫలితమివ్వని స్థితి ఏర్పడుతుంది. పూర్వపు అనంతపురం జిల్లా వర్షపాతాన్నీ, ఎర్రనేలల నీటి నిల్వనూ ఆధారం చేసుకొని, రేగు, సీతాఫలం, ఉసిరి, చింత, మామిడి, నేరేడు, దానిమ్మ, చీనీ చెట్ల పూత, కాపు కాలాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. చెట్టుకు నీరు అత్యవసరమైన నెలలు, వాన కురిసే నెలలు, నేల తేమను నిలుపుకోగల కాలం - ఈ మూడింటి పొంతనే ఎంపికకు ప్రధాన ప్రమాణం కావాలని ప్రతిపాదిస్తుంది. తెలుగువారి పండుగలు, కార్తెలు ఈ కాలజ్ఞానాన్ని ఎలా భద్రపరిచాయో కూడా సందర్భానుసారంగా వివరిస్తుంది.

కీలకపదాలు: మెట్ట సేద్యం, వర్షాధారం, పండ్లతోటలు, అనంతపురం, కార్తెలు, రేగు, సీతాఫలం, ఉసిరి, నేల తేమ.

1. ఉపోద్ఘాతం:

వార్షిక పంటల ఎంపికలో జరిగిన పొరపాటు ఒక్క ఏడాదితో ముగుస్తుంది. ఈ ఏడు వేరుశనగ దెబ్బతింటే వచ్చే ఏడు కందికో, కొర్రకో మారడానికి రైతుకు అవకాశం ఉంటుంది. పండ్లచెట్టు విషయంలో అలా కాదు. మొక్క నాటిన మూడు నుంచి అయిదేళ్లకు గాని కాపు మొదలు కాదు. ఎంపిక సరైనదో కాదో తెలిసేసరికి గుంతలు తవ్వించిన ఖర్చు, మొక్కల ఖర్చు, నీళ్లు పోసిన కూలి, ఆ భూమిలో వదులుకున్న ఇతర పంటల రాబడి అన్నీ అందులో కలిసిపోయి ఉంటాయి. చేతికి రాబోయే తోటను బతికించుకోవడానికి కొత్త బోరు వేయించి అప్పుల పాలయిన కుటుంబాలు రాయలసీమలో అనేకం. కాబట్టి మెట్ట భూమిలో ఏ చెట్టు నాటాలన్నది తోటల శాస్త్రానికి సంబంధించిన ప్రశ్నే గాక, ఒక కుటుంబపు దశాబ్ద కాల జీవనానికి సంబంధించిన ప్రశ్న కూడా.

ఈ పరిశీలనకు అనంతపురం ప్రాంతాన్ని ఎంచుకోవడానికి కారణాలు ఉన్నాయి. 2022లో జిల్లాల పునర్విభజన జరిగే వరకు ఒకే జిల్లాగా ఉండి, ప్రస్తుతం అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాలుగా ఉన్న ఈ ప్రాంతం ద్వీపకల్పంలో అతి తక్కువ వర్షం పొందే ప్రాంతాల్లో ఒకటి. దశాబ్దాల తరబడి వర్షాధార వేరుశనగపై ఆధారపడిన ఈ నేలలో అటు బోర్లపై ఆధారపడిన చీనీ, దానిమ్మ తోటలూ, ఇటు వర్షాధారపు సీతాఫలం, చింత, మామిడి చెట్లూ పక్కపక్కనే కనిపిస్తాయి.

2. 'తట్టుకోవడం' - అర్థభేదాలు:

'కరువును తట్టుకునే చెట్టు' అన్న పదబంధంలో 'తట్టుకోవడం' అనే ఒక్క క్రియ కనీసం నాలుగు వేర్వేరు స్వభావాలను కలిపి చెబుతున్నది. వాటిని విడదీసి చూడటం అవసరం.

తప్పించుకోవడం: నీరు లేని కాలంలో చెట్టు ఆకు రాల్చి నిద్రావస్థలోకి వెళుతుంది. దాని ఎదుగుదల, పూత, కాపు నీరున్న నెలల్లోనే పూర్తవుతాయి. రేగు ఇందుకు చక్కని ఉదాహరణ.

వెదకి తెచ్చుకోవడం: పైనేల ఎండిపోయినా తల్లివేరు లోతుకు దిగి అడుగు పొరల తేమను అందుకుంటుంది. చింత, మామిడి ఈ కోవకు చెందినవి. అడుగున పొర అంటూ ఉన్నప్పుడే ఈ గుణం పనికివస్తుంది.

ఓర్చుకోవడం: ఆకుల ద్వారా నీరు ఆవిరి కావడాన్ని తగ్గించుకొని, కణజాలంలో తేమ తగ్గినా చెట్టు నిలదొక్కుకుంటుంది. రేగు ఆకు అడుగుభాగాన కనిపించే తెల్లని నూగు, ఉసిరి సన్నని చిట్టి ఆకులు నీటి పొదుపుకు తోడ్పడే నిర్మాణాలు.

తేరుకోవడం: కరువులో కొమ్మలు ఎండినా, వాన పడగానే చెట్టు మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. సీతాఫలం, దానిమ్మలలో ఇది కనిపిస్తుంది.

ఈ నాలుగు గుణాలూ చెట్టు ప్రాణాన్ని కాపాడేవే. కాపును కాపాడే శక్తి వీటన్నింటికీ సమానంగా లేదు. కరువు వచ్చినప్పుడు చాలా చెట్లు మొదట చేసే పని పూతను, పిందెను రాల్చుకోవడం. చెట్టు దృష్టిలో అది తెలివైన పని, రైతు దృష్టిలో ఏడాది నష్టం. కనుక 'ఈ చెట్టు ఎండకు బతుకుతుందా?' అన్న ప్రశ్నకు 'బతుకుతుంది' అన్న సమాధానం వచ్చినంత మాత్రాన ఎంపిక పూర్తి కాదు. 'ఏ నెలల్లో దీనికి నీరు తప్పనిసరి? ఆ నెలల్లో నా చేనులో నీరుంటుందా?' అన్నది తరువాత రావలసిన ప్రశ్న.

3. అనంతపురం వాన, నేల:

3.1 వాన పంపకం:

పూర్వపు అనంతపురం జిల్లా సాధారణ వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. ఇందులో నైరుతి రుతుపవనాల కాలంలో, అంటే జూన్ నుంచి సెప్టెంబరు వరకు సుమారు 340 మి.మీ., ఈశాన్య రుతుపవనాల కాలంలో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు సుమారు 155 మి.మీ. కురుస్తుంది. పడమటి కనుమలు నైరుతి మేఘాలను అడ్డుకోవడం వల్ల, తూర్పు తీరం దూరం కావడంతో ఈశాన్య వానలు పలుచబడటం వల్ల ఈ ప్రాంతం రెండు విధాలా వర్షచ్ఛాయలో పడింది.

దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వర్షం కురిసే జిల్లా అనంతపురమేనన్న మాట తరచు వినిపిస్తుంది. ఈ పోలికను జాగ్రత్తగా వాడాలి. జైసల్మేర్ వర్షపాతం 200 మి.మీ. లోపు. బార్మర్, బీకనేర్ వంటి రాజస్థాన్ జిల్లాలకు కూడా అనంతపురం కంటే తక్కువ వర్షమే లభిస్తుంది. అనంతపురం ఎడారి కాదు. కురిసే వాన క్రమం తప్పడం, ఒక వానకూ మరో వానకూ నడుమ వారాల తరబడి ఎడం రావడం ఇక్కడి ప్రధాన సమస్య. ఎంపికకు మరింత ముఖ్యమైన విషయం ఒకటుంది. ఈ ప్రాంతంలో జూన్, జూలై వానలు పలుచన. సాధారణంగా సెప్టెంబరులోనే ఎక్కువ వర్షం కురుస్తుంది. కార్తెల లెక్కలో చెప్పాలంటే మృగశిర, ఆరుద్రల కంటే పుబ్బ, ఉత్తర కార్తెలు ఇక్కడి చెట్టుకు ఎక్కువ నమ్మకమైనవి. డిసెంబరు దాటితే మే వరకు చెప్పుకోదగ్గ వాన ఉండదు.

3.2 నేల నిల్వ:

తాడిపత్రి, గుత్తి, ఉరవకొండ పరిసరాల నల్లరేగడి నేలలను మినహాయిస్తే ఈ ప్రాంతంలో ఎక్కువ భాగం ఎర్రనేలలే. వీటిలో అధిక భాగం లోతు తక్కువైనవి, గరుసు కలిసినవి. వాన ఎంత కురిసినా నేల నిలుపుకోగలిగినంతే చెట్టుకు దక్కుతుంది. ఎర్ర ఇసుక గరప నేల ఒక మీటరు లోతులో వేర్లకు అందే తేమ సుమారు 100 మి.మీ. మాత్రమే. లోతైన నల్లరేగడిలో ఇది 150 నుంచి 200 మి.మీ. వరకు ఉండవచ్చు.

3.3 ఒక చెట్టు నీటి లెక్క:

ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన కురిస్తే అది ఒక లీటరు నీటితో సమానం. 6 మీటర్ల ఎడంతో నాటిన చెట్టుకు 36 చదరపు మీటర్ల నేల వాటాగా వస్తుంది. 550 మి.మీ. వర్షానికి ఆ వాటాపై ఏడాదికి 19,800 లీటర్ల నీరు పడుతుంది. ఎదిగిన చీనీ చెట్టుకు నడివేసవిలో రోజుకు సుమారు 100 లీటర్లు కావాలనుకుంటే, నాలుగు నెలల వేసవికి 12,000 లీటర్లు చాలు. ఈ రెండు అంకెలనే పక్కపక్కన పెట్టి చూస్తే వానతోనే చీనీ తోట పండించవచ్చన్న భ్రమ కలుగుతుంది.

నేల లోతును లెక్కలోకి తీసుకుంటే చిత్రం మారిపోతుంది. 60 సెంటీమీటర్ల లోతు గల ఎర్రనేల నిండుగా తడిసినా నిలుపుకునేది 60 మి.మీ. తేమే. 36 చదరపు మీటర్లకు అది 2,160 లీటర్లు. రోజుకు 100 లీటర్ల చొప్పున వాడుకునే చెట్టుకు అది మూడు వారాలకు మించి సరిపోదు. మిగిలిన వేసవినంతా బోరు నీటితోనే గడపాలి. అదే నేలలో ఆకు రాల్చి వేసవిని నిద్రలో గడిపే రేగుచెట్టు నీటి అవసరం ఆ కాలంలో నామమాత్రం. ఈ అంకెలు స్థూలమైనవే అయినా, ఎంపికలో చెట్టు మొత్తం నీటి అవసరం కంటే ఆ అవసరం ఏ నెలల్లో వస్తుందన్నదే నిర్ణాయకమని ఇవి స్పష్టం చేస్తాయి.

4. చెట్ల కాలచక్రాలు:

తెలుగువారి పండుగలు ఏ చెట్టు ఏ నెలలో కాపుకు వస్తుందో చెప్పే జ్ఞాపకాలు కూడా. సంక్రాంతి ముందు భోగిపళ్లుగా రేగుపండ్లు, కార్తికంలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలు, వినాయకచవితి పాలవెల్లికి వెలగకాయ, ఉగాది పచ్చడిలో కొత్త చింతపండు, మామిడికాయ ముక్క - ఇవన్నీ ఆయా చెట్ల కాలచక్రాలకు గుర్తులు. ఈ ఆచారాలను శాస్త్ర ప్రమాణాలుగా తీసుకోలేం గాని, చెట్టు కాలాన్ని వాన కాలంతో పోల్చి చూడటానికి ఇవి చక్కని ప్రారంభ బిందువులు.

4.1 రేగు:

భోగినాటికి పండు రావాలంటే అంతకు మూడు నాలుగు నెలల ముందు పూత నిలవాలి. రేగు సాధారణంగా ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య పూస్తుంది. అనంతపురంలో వాన ఎక్కువగా కురిసే కాలం అదే. ఈశాన్య వానల తేమతో కాయ ఊరుతుంది, జనవరి ప్రాంతంలో పండుతుంది. ఆ తరువాత చెట్టు ఆకు రాలుస్తుంది. వేసవిలో కొమ్మలు కత్తిరిస్తే కొత్త వానకు వచ్చే చిగుళ్లపై తిరిగి పూత వస్తుంది. చెట్టు ఏడాది పని మొత్తం వాన కాలంతో ఇంత దగ్గరగా కలిసే పండ్లజాతి ఈ ప్రాంతంలో మరొకటి లేదని చెప్పవచ్చు. చౌడు నేలలను కూడా రేగు కొంతవరకు సహిస్తుంది.

రకాల ఎంపికలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. గోలా రకం ముందుగా పండుతుంది. ఉమ్రాన్ ఆలస్యంగా పండుతుంది. కాయ పెద్దది కావడం వల్ల ఉమ్రాన్ ఆకర్షణీయంగా కనిపించినా, వానలు ఆగిన తరువాత మరికొన్ని వారాలు నేల తేమపై ఆధారపడుతుంది. లోతు తక్కువైన నేలలో త్వరగా పండే గోలా వంటి రకమే భద్రం. ఈ పంటకు పండు ఈగ ప్రధాన శత్రువు. రాలిన పుచ్చు కాయలను ఏరి నాశనం చేయడం తప్పనిసరి.

4.2 సీతాఫలం:

అమెరికా ఖండపు ఉష్ణమండలం నుంచి వచ్చినా తెలుగు నేలపై గుట్టల్లో, గట్లపై స్వయంగా మొలిచి పెరిగేంతగా స్థిరపడిన చెట్టు ఇది. బాగా ప్రచారంలో ఉన్న బాలానగర్ రకానికి ఆ పేరు తెలంగాణలోని మహబూబ్‌నగర్ జిల్లా బాలానగర్ నుంచి వచ్చింది. శీతాకాలం చివర ఆకు రాల్చి, ఏప్రిల్ నుంచి కొత్త చిగురుతో పాటు పూత వేసి, ఆగస్టు నుంచి నవంబరు వరకు కాపునిస్తుంది. గరుసు నేలల్లోనూ పెరుగుతుంది. ఆకు చేదు వల్ల మేకలు, పశువులు ముట్టవు. పంట కోతల తరువాత చేలల్లో పశువులను స్వేచ్ఛగా వదిలే ఊళ్లలో ఇది చిన్న సౌలభ్యం కాదు.

దీనికి రెండు పరిమితులున్నాయి. పొడిగాలులు వీచే ఏప్రిల్, మే నెలల్లో పూసిన పూత చాలావరకు రాలిపోతుంది. గాలిలో తేమ పెరిగాక వచ్చిన పూతే ఎక్కువగా నిలుస్తుంది. జూన్, జూలై వానలు పలుచగా ఉండే అనంతపురంలో కాయ నిలిచే శాతం ఏటా ఒకే తీరుగా ఉండదు. రెండవది, వేర్ల వద్ద నీరు నిలిస్తే చెట్టు సహించదు. అందువల్ల పల్లపు రేగడి దీనికి తగదు. వాలు మీది గరుసు నేల అనుకూలం. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క సహన్ వంటి సంకర రకాలు గింజ తక్కువగా, కండ ఎక్కువగా ఉండి మార్కెట్టుకు నప్పుతాయి.

4.3 ఉసిరి:

కాలచక్రాల పొంతనకు ఉసిరి మరో విశిష్ట ఉదాహరణ. శిశిరంలో ఆకు రాల్చి వసంతంలో పూస్తుంది. ఫలదీకరణ జరిగిన తరువాత పిందె వెంటనే ఎదగదు. వేసవి అంతా ఎదుగుదల లేకుండా నిద్రావస్థలో ఉండి, వానలు కురిశాక కాయగా ఊరుతుంది. కార్తికానికి చెట్టు నిండుగా కాయలతో కనిపించడానికి కారణమిదే. చెట్టు తన కాయ బరువును వాన కాలానికి వాయిదా వేసుకుంటున్నదన్న మాట. క్షార గుణం గల నేలల్లో కూడా ఉసిరి పెరుగుతుంది.

ఇక్కడ రైతులు తరచు విస్మరించే అంశం పరాగ సంపర్కం. ఒకే రకంతో తోటంతా నింపితే కాయ సరిగా నిలవదు. ఉత్తరప్రదేశ్‌లోని నరేంద్రదేవ వ్యవసాయ విశ్వవిద్యాలయం విడుదల చేసిన కృష్ణ, కాంచన్, ఎన్.ఏ.-7 వంటి రకాలను కలిపి నాటడం మేలు.

4.4 చింత:

చింత మే, జూన్ ప్రాంతంలో పూసి, వానలలో కాయ దింపి, జనవరి నుంచి ఏప్రిల్ మధ్య కోతకు వస్తుంది. ఉగాదికి కొత్త చింతపండు అందడం ఈ క్రమంలోనిదే. సతతహరితం కనుక ఇది కరువును తప్పించుకోదు. లోతైన వేళ్లతో తేమను వెదకి తెచ్చుకుంటుంది. అడుగున పగుళ్లున్న రాతి పొరల్లోకి కూడా వేళ్లు చొరబడతాయి. గింజ మొక్క కాపుకు రావడానికి ఎనిమిది నుంచి పదేళ్లు పట్టవచ్చు. అంటుమొక్క అందులో సగం కాలానికే కాపు పడుతుంది. ఏడాది విడిచి ఏడాది కాసే స్వభావం ఉన్నందున చింతను ఏకైక ఆదాయంగా నమ్ముకోవడం కష్టం. గట్లపై, చేను సరిహద్దుల్లో నాటడం పూర్వం నుంచి వస్తున్న పద్ధతి, నేటికీ యుక్తమైనది.

4.5 మామిడి, నేరేడు:

మామిడిని కరువును తట్టుకునే చెట్లలో చేర్చడం పరిపాటి. ఇది సగం సత్యం. పూతకు ముందు పొడి, చలి వాతావరణం మామిడికి అవసరమే. కాని డిసెంబరు, జనవరి నెలల్లో పూసిన మామిడి కాయను ఊరబెట్టేది ఫిబ్రవరి నుంచి మే వరకు, అంటే ఏడాదిలో అత్యంత పొడి నెలల్లో. కనుక వర్షాధార మామిడి కాపు మొత్తం నేల లోతుపై ఆధారపడుతుంది. బంగినపల్లి పేరుకు మూలమైన బనగానపల్లె రాయలసీమలోనిదే అయినంత మాత్రాన రాయలసీమ నేలలన్నీ మామిడికి నప్పవు. అడుగు, అడుగున్నర లోతులో రాయి తగిలే చేలలో మామిడి చెట్టు బతకవచ్చు గాని పిందె రాలిపోతుంది, కాయ చిన్నబోతుంది.

నేరేడు సహజంగా వాగుల ఒడ్డున పెరిగే చెట్టు. వేళ్లు నిలదొక్కుకున్న తరువాత కరువుకు చావదు. కాని మార్చి, ఏప్రిల్‌లలో పూసి జూన్, జూలైలలో పండే ఈ చెట్టుకు వేసవి తేమ అవసరం. కాబట్టి చేనులోని పల్లం, కుంట కట్ట దిగువ, వాగు పక్క దీనికి తగిన చోట్లు.

4.6 దానిమ్మ:

దానిమ్మకు నిర్ణీతమైన ఒకే పూత కాలం లేదు. నీరు ఆపి, ఆకు రాల్పించి, తిరిగి నీరిచ్చి రైతు తనకు కావలసిన కాలంలో పూత రప్పిస్తాడు. ఈ పూత కాలాలను మరాఠీ ప్రాంతం నుంచి వచ్చిన 'బహార్' అనే మాటతో వ్యవహరిస్తారు. వాటి పేర్లు తెలుగు రైతుకు పరాయివి కావు. మృగ బహార్‌లోని 'మృగ' మృగశిర, హస్త బహార్‌లోని 'హస్త' హస్త నక్షత్రం. ఇవి మన కార్తెలే. అంబే బహార్ మాత్రం మరాఠీలో మామిడిని తెలిపే 'ఆంబా' నుంచి వచ్చింది, మామిడి పూసే కాలమని అర్థం.

నీటి లెక్క ప్రకారం మృగ బహార్ వర్షాధారానికి అనుకూలం. జూన్, జూలైలలో పూత వచ్చి వానల్లో కాయ ఎదుగుతుంది. అయితే ఆ తడి వాతావరణమే దానిమ్మను తీవ్రంగా దెబ్బతీసే బ్యాక్టీరియా మచ్చ తెగులుకు కూడా అనుకూలం. అనంతపురం ప్రాంతంలో ఈ తెగులు వల్ల దానిమ్మ తోటలు భారీగా దెబ్బతిన్నాయి. హస్త బహార్‌లో తెగులు తగ్గుతుంది, నాణ్యత బాగుంటుంది, కాని శీతాకాలం, వేసవి మొదట్లో నీరు పెట్టాలి. అంటే వాన కాలాన్ని ఎంచుకుంటే తెగులు, తెగులును తప్పించుకుంటే నీటి కొరత. నీటి కాలచక్రంతో పాటు తెగులు కాలచక్రాన్ని కూడా చూడాలని దానిమ్మ హెచ్చరిస్తున్నది. ఎండకు ఓర్చే గుణమున్నా, పూర్తి వర్షాధార తోటకు దీనిని సిఫారసు చేయడం సమంజసం కాదు.

4.7 చీనీ:

ఇతర ప్రాంతాల్లో బత్తాయిగా పిలిచే పండును అనంతపురంలో చీనీ అంటారు. సతతహరితమైన ఈ చెట్టు వేళ్లలో ఎక్కువ భాగం పైపొరల్లోనే వ్యాపిస్తాయి. 3.3లో చూపిన లెక్క ప్రకారం వేసవిలో అది పూర్తిగా బోరు మీద ఆధారపడుతుంది. భూగర్భజలం అడుగంటిన ఏళ్లలో ట్యాంకర్లతో నీరు కొని పోసిన రైతులూ, చివరకు ఎండిన చెట్లను నరికివేసిన రైతులూ ఈ ప్రాంతానికి కొత్త కాదు. నీటి వసతి ఖాయంగా ఉన్నచోట చీనీ మంచి ఆదాయమిచ్చే పంటే. కాని దానిని మెట్ట పంటల జాబితాలో చేర్చకూడదు.

5. ఎడం, వేరు: ఎంపికలో అంతర్భాగాలు:

చెట్టును ఎంచుకున్న తరువాత దానిని ఎంత దూరంలో నాటాలన్నది మరో నీటి నిర్ణయం. 10 మీటర్ల ఎడంతో నాటిన మామిడికి 100 చదరపు మీటర్ల నేల, 550 మి.మీ. వానకు 55,000 లీటర్ల నీరు వాటాగా వస్తుంది. అదే మామిడిని 5 మీటర్ల ఎడంతో నాటితే వాటా 13,750 లీటర్లకు పడిపోతుంది. 350 మి.మీ. మాత్రమే కురిసిన కరువు ఏట అది 8,750 లీటర్లే. ఎకరాకు 40 చెట్లకు బదులు 160 చెట్లు పట్టించే సాంద్ర పద్ధతి బిందు సేద్యమున్న తోటల కోసం రూపొందింది. వర్షాధారంలో దానిని అనుసరిస్తే చెట్లు ఒకదాని నీటిని మరొకటి లాగుకుంటాయి. సీతాఫలం వంటి చిన్న చెట్లకు 5 మీటర్లు, రేగుకు 8 మీటర్లు, చింతకు 10 మీటర్లు కనీస ఎడంగా పాటించడం మేలు. వాలుకు అడ్డంగా నెలవంక ఆకారంలో కట్ట వేసి వాననీటిని పాదులోకి మళ్లిస్తే ఈ వాటా వృథా కాదు.

వేరు విషయం ఇంతకంటే ముఖ్యమైనది. ప్లాస్టిక్ సంచిలో ఎక్కువ కాలం పెరిగిన మొక్క తల్లివేరు సంచి అడుగున చుట్టుకుపోతుంది. నాటిన తరువాత అది లోతుకు దిగడం కష్టం. లోతు వేరే ప్రధాన బలమైన చెట్టు ఆ బలాన్ని నర్సరీలోనే కోల్పోతుంది. అందువల్ల రేగు, ఉసిరి, మామిడి వంటి వాటిలో గుంతలోనే గింజ నాటి, మొలిచిన మొక్కపై అక్కడే కన్ను అంటు గాని కొమ్మ అంటు గాని కట్టే పద్ధతిని మెట్ట ప్రాంతాలకు సూచిస్తారు. కాపు ఒకటి రెండేళ్లు ఆలస్యమైనట్టు కనిపించినా, చెట్టు ఆయుష్షులో అది లాభమే.

ఎంతటి కరువు చెట్టయినా మొదటి రెండు మూడు వేసవులు నీటి సాయం లేనిదే బతకదు. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న ఈ జిల్లాలోని బండ్లపల్లిలోనే ప్రారంభమైంది. ఆ పథకం కింద చిన్న, సన్నకారు రైతుల మెట్ట భూముల్లో పండ్లతోటల పెంపకాన్ని చేపట్టి, గుంతల తవ్వకంతో పాటు తొలి సంవత్సరాల నీటి ఖర్చునూ భరించడం ఈ దృష్ట్యా సరైన చర్య. పాదులో వేరుశనగ పొట్టు, ఎండుగడ్డి పరచడం, మొక్క పక్కన మట్టికుండ పాతి నీరు పోయడం వంటి పద్ధతులు ఆ కొద్ది నీటినీ పొదుపుగా అందిస్తాయి.

6. కాపు తరువాతి లెక్క:

నీటి పొంతన కుదిరిన చెట్టు కూడా ఆదాయమివ్వకపోవచ్చు. సీతాఫలం కోసిన రెండు నుంచి నాలుగు రోజుల్లో మెత్తబడుతుంది. రోడ్డుకు, పట్నానికి దూరమైన ఊళ్లో ఎకరాలకు ఎకరాలు సీతాఫలం వేస్తే పంట గంపల్లోనే పాడవుతుంది. ఉసిరిని నేరుగా తినేవారు తక్కువ. పచ్చళ్లు, మురబ్బా, ఔషధాల తయారీదారులు అందుబాటులో లేకుంటే ధర పలకదు. చింతపండు ఏడాది పొడవునా నిలువ ఉంటుంది, ధర వచ్చే వరకు ఆగవచ్చు. రేగు ధర తక్కువైనా మూడో, నాలుగో ఏడు నుంచే రాబడి మొదలవుతుంది.

కాబట్టి ఒకే చేనును ఒకే చెట్టుతో నింపడం కంటే చేను వాలును అనుసరించి చెట్లను పంచడం మేలు. పైభాగపు గరుసులో సీతాఫలం, మధ్యభాగంలో రేగు, ఉసిరి, లోతైన దిగువ నేలలో మామిడి, పల్లంలో నేరేడు, గట్లపై చింత, వెలగ. ఇలా పంచితే ఆగస్టు నుంచి మరుసటి జూలై వరకు ఏదో ఒక కాపు చేతికి వస్తుంది. ఒక చెట్టు పూత కాలంలో వాన తప్పినా మరొక చెట్టు నిలబడుతుంది. తొలి ఏళ్లలో సాళ్ల మధ్య వేరుశనగ, అలసంద, ఉలవ వంటి పంటలు కుటుంబానికి ఆధారమవుతాయి.

7. ముగింపు:

ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలు:

● 'కరువును తట్టుకోవడం' అన్న మాట చెట్టు మనుగడను సూచిస్తుందే గాని కాపును హామీ ఇవ్వదు. ఈ రెండింటినీ వేరుచేసి చూసిన తరువాతనే మెట్టకు చెట్టును సూచించాలి.

● చెట్టు నీటి అవసరం ఎంత అన్నదాని కంటే ఏ నెలల్లో అన్నది ముఖ్యం. అనంతపురం వంటి చోట సెప్టెంబరు వానను వాడుకోగల రేగు, ఉసిరి ముందు వరుసలో నిలుస్తాయి. సీతాఫలం వాటి తరువాత, తగిన నేలలో నిలుస్తుంది.

● మామిడి, చింతల విజయం నేల లోతుపై ఆధారపడుతుంది. చెట్టును ఎంచుకోవడానికి ముందు చేనులో రెండు మూడు చోట్ల మీటరున్నర గుంత తవ్వి చూడటం అతి తక్కువ ఖర్చుతో జరిగే అతి ముఖ్యమైన పరీక్ష.

● దానిమ్మ, చీనీలను వర్షాధార పంటలుగా ప్రోత్సహించడం రైతును బోరు అప్పుల వైపు నెట్టడమే అవుతుంది.

● చెట్ల మధ్య ఎడం, గుంతలోనే అంటు కట్టడం, తొలి వేసవుల నీటి సాయం ఎంపికకు బయటి విషయాలు కావు. ఇవి లోపిస్తే సరైన చెట్టు కూడా విఫలమవుతుంది.

● కార్తెలు, పండుగలు, గరుసు, రేగడి, చౌడు, గరప వంటి నేలల పేర్లు చెట్టు, వాన, నేలల పరస్పర సంబంధంపై తెలుగు రైతు పరిశీలనను నిక్షిప్తం చేసుకున్నాయి. ప్రాంతాలవారీగా ఈ పదజాలాన్ని సేకరించి, ఆధునిక వర్షపాత గణాంకాలతో పోల్చి చూడటం భాషా పరిశోధకులకూ, వ్యవసాయ శాస్త్రజ్ఞులకూ ఉమ్మడి కార్యక్షేత్రం కాగలదు.

చెట్టు ఎంపికలో తొందరపాటుకు మూల్యం వెంటనే చెల్లించనవసరం లేదు. అయిదారేళ్ల తరువాత, వడ్డీతో సహా చెల్లించవలసి వస్తుంది. కనుక మొక్క కొనడానికి ముందే ఒక కాగితంపై పన్నెండు నెలలు రాసుకొని, వాన నెలలు, నేలలో తేమ నిలిచే నెలలు, చెట్టు పూసి కాసే నెలలు ఒకదాని పక్కన ఒకటి గుర్తించుకోవడం ప్రతి మెట్ట రైతుకూ, ఆ రైతుకు సలహా చెప్పే ప్రతి అధికారికీ తొలి కర్తవ్యం.